ఒక నెల ఊపిరాడదు, ఇంకో నెల ఫోనే మోగదు: సోలార్ ఎంక్వైరీలు నిలకడగా రావాలంటే ఏం చెయ్యాల?

కావలి రూఫ్‌టాప్

అందరికీ నమస్తే. కావలిలో ఇళ్ళ మీద సోలార్ పెట్టే చిన్న షాపు మాది. ఫిట్టింగ్ టీమ్ ఒకటే. బిట్రగుంట, అల్లూరు, ఇటు ఉలవపాడు దాకా పోతాం. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర వెండర్ రిజిస్ట్రేషన్ ఉంది, ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ పనులన్నీ మేమే చూసుకుంటాం. పని మీద ఎవరూ వంక పెట్టలేదు. తలనొప్పంతా ఎంక్వైరీలతోనే. ఎండాకాలం బిల్లులు రాగానే ఒక్కసారిగా మీద పడతారు, తర్వాత నెలల తరబడి చప్పుడుండదు. ఖాళీగా ఉన్నప్పుడు పాంప్లెట్లు కొట్టిస్తాం, ఫేస్‌బుక్‌లో బూస్ట్ కొడతాం. పని రాగానే అవన్నీ వదిలేస్తాం.

నెలకి ఆరిళ్ళు వస్తే మాకు చాలు, కానీ ప్రతి నెలా రావాల. రోజుకి గంట, గంటన్నర దీనికి పెట్టగలను. ఆఫీసులో కూర్చోడానికి వేరే మనిషిని పెట్టుకునే స్తోమత ఇప్పుడు లేదు. ఏది ముందు మొదలుపెట్టాల?

పెన్నాగట్టు

"పని రాగానే అవన్నీ వదిలేస్తాం" అన్నారే, జబ్బు అక్కడే ఉంది అన్నా. ఇంటి సోలార్‌లో మొదటి ఫోన్‌కీ అడ్వాన్స్‌కీ మధ్య మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు పడతాయి. ఇంట్లో మాట్లాడుకోవాల, ఇంకో రెండు కొటేషన్లు తెచ్చుకోవాల, లోను కోసం బ్యాంకుకి పోవాల. ఈ నెల మీరు మేడల మీద స్ట్రక్చర్ బిగించుకుంటా ఫోన్లు వదిలేస్తే దెబ్బ వచ్చే నెల కనపడతది. అప్పుడు కంగారుపడి పాంప్లెట్లు కొట్టిస్తే ఫలితం ఆ పై నెలకి. అది మళ్ళీ పని ఎక్కువున్నప్పుడే వచ్చి పడతది. ఈ ఊగిసలాట ఆగాలంటే, చేతినిండా పనున్న వారంలో కూడా మానని గంట ఒకటి పెట్టుకోవాల. టీమ్‌ని సైటుకి పంపించి మీరు గంట ఆలస్యంగా బయల్దేరండి. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఫోన్లు, అంతే.

ఎన్ని ఎంక్వైరీలు కావాలో వెనక నుంచి లెక్కేసుకోండి. సైటు చూసిన మూడిళ్ళలో ఒకటి ఆర్డరవుతుందనుకుంటే ఆరిళ్ళకి 18 సైట్లు చూడాల. ఫోన్ చేసినవాళ్ళలో సగం మందికే సైటు చూసేంత అర్హత ఉంటుందనుకుంటే 36 ఎంక్వైరీలు. 26 పనిరోజుల మీద పరిస్తే రోజుకి ఒకటిన్నర కూడా కాదు. చూశారా, భయపడాల్సిన సంఖ్యేం కాదు. ఈ నిష్పత్తులు ఉదాహరణకి చెప్పినవి. మీవి రెండు నెలలు రాసి పెడితే మీకే తెలుస్తాయి.

రాయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పొడుగు లెడ్జర్ చాలు. అడ్డంగా గళ్ళు: తేదీ, పేరు, ఫోను, ఊరు-వీధి, మన గురించి ఎట్ట తెలిసింది, నెల బిల్లు, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు. ఈ చివరి గడిలో తేదీ లేకుండా ఏ వరసా ఉండకూడదు. ఆర్డరైనా, "వద్దు" అన్నా అప్పుడే గీత కొట్టాల. రోజూ ఫోను గంటలో చేసేదల్లా ఈరోజు తేదీ పడిన వరసలన్నీ పూర్తి చెయ్యడమే. "ఎట్ట తెలిసింది" గడిని చాలామంది బద్ధకించి వదిలేస్తారు. ఆరు నెలల తర్వాత డబ్బు ఎక్కడ పెట్టాల, ఎక్కడ ఆపాల అనేది చెప్పేది ఆ గడే.

తిరిగి ఫోన్ చేసే వరస ఇట్ట పెట్టుకోండి: వచ్చిన ఫోన్‌కి పావుగంటలో జవాబు, కొటేషన్ మర్నాటికల్లా, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 15వ రోజు, ఆ పైన నెలకోసారి, బిల్లు వచ్చే రోజుల్లో. "ఏమైందండీ, ఆలోచించారా?" అని మాత్రం చెయ్యొద్దు. దానికి "చూస్తాంలే" తప్ప వేరే జవాబు రాదు. ప్రతిసారీ చేతిలో ఒక కొత్త సంగతి ఉండాల. 3వ రోజు వాళ్ళ మేడ కొలతలతో ప్యానెళ్ళు ఎట్ట వస్తాయో చేత్తో గీసిన బొమ్మ. 7వ రోజు, వాళ్ళ వీధికి దగ్గర్లో మీరు పెట్టిన ఇంటికి తీసుకుపోయి చూపిస్తానని పిలుపు, ఆ ఇంటాయన్ని అడిగాకే. నెలకి, "ఈసారి బిల్లెంతొచ్చింది సార్?"

ఒంగోలు గిత్త

పైన చెప్పిందంతా బాగుంది గానీ ఒక మాట. 18 సైట్లు చూడడం ఒక్కడి వల్ల కావాలంటే తప్పు సైట్లకి పోకూడదు. రోజంతా పెట్రోలు తగలేసుకుని తిరిగొచ్చే సైట్లలో ఎక్కువ భాగం ఫోన్‌లోనే ఆపొచ్చు. ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించుకోండి.

ఇల్లు సొంతమా, అద్దెదా? కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది? పైన శ్లాబా, రేకులా? మే నెల బిల్లెంత, డిసెంబరు బిల్లెంత? మేడకి దక్షిణం వైపు ఏముంది: పక్కింటి పై అంతస్తు, కొబ్బరిచెట్టు, మన వాటర్ ట్యాంకేనా?

మాటల్లో వద్దు, బిల్లు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. బిల్లు ఫొటో పంపినవాడు నిజంగా కొనే ఆలోచనలో ఉన్నాడని అర్థం. రెండుసార్లు అడిగినా పంపనివాడి మేడ ఎక్కొద్దు.

బిల్లులో చూడాల్సింది యూనిట్లు. మన రాష్ట్రంలో ఇంటి టారిఫ్ 226వ యూనిట్ నుంచి 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఆ రేట్లు పడేవాళ్ళకి మీరు పెద్దగా చెప్పాల్సిన పనే లేదు. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు, 3 కిలోవాట్లకి నెలకి 360 దాకా వస్తాయి, సబ్సిడీ 78,000. వంద యూనిట్ల ఇంటికి పోయి 3 కిలోవాట్లు అంటగట్టబోతే మాత్రం ఊళ్ళో మాట పోతుంది. వాళ్ళకి 1 కిలోవాట్ చాలు, సబ్సిడీ 30,000. లేదంటే నిజాయితీగా "మీకిప్పుడు అక్కర్లేదండీ" అని చెప్పండి. ఆ మాట చెప్పినందుకే వాళ్ళ బావమరిదిని పంపిస్తారు.

మీటరు పేరు దగ్గర చాలా కేసులు ఆగిపోతాయి. ఇల్లు కొడుకు చూసుకుంటాడు, మీటరు ఇంకా పోయిన నాన్నగారి పేరునే ఉంటుంది. అప్లికేషన్, బిల్లు, బ్యాంకు ఖాతా పేర్లు కలవకపోతే పోర్టల్‌లోనో లోను దగ్గరో ఆగుతుంది. దాన్ని "క్యాన్సిల్" అని గీత కొట్టకండి. పేరు మార్పుకి ఏమేం కాగితాలు కావాలో ఒక పేజీ రాసి పెట్టుకుని వెంటనే పంపండి, లెడ్జర్‌లో 20 రోజుల తర్వాత తేదీ వెయ్యండి. పేరు మార్పు మీ చేత చేయించుకున్నవాళ్ళు సోలార్ ఇంకొకరి దగ్గర పెట్టించుకోవడం అరుదు.

మ్యాపుల మాస్టారు

ఫోన్లు అసలు ఎక్కడి నుంచి వస్తాయనేది ఎవరూ చెప్పలేదు. కావలి లాంటి ఊరికి మొదటిది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, ఖర్చు సున్నా. "సోలార్" అని మ్యాప్‌లో వెతికినప్పుడు పైన వచ్చే మూడింట్లో మీరుండాల.

బోర్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్‌లో అదే పేరు పెట్టండి. "కావలి నంబర్ వన్ సోలార్ సబ్సిడీ" అని పేరులో తోరణం కడితే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది, తిరిగి తెచ్చుకోవడం నరకం. షాపు ముందు బోర్డు, లోపల సామాను, తలుపు తాళం తీయడం కనపడేట్టు ఒకే వీడియో తీసి పెట్టుకోండి, వెరిఫికేషన్‌కి చాలాసార్లు అదే అడుగుతారు. వారానికి రెండు ఫొటోలు పెట్టండి. ప్యానెళ్ళ ఫొటో ఒక్కటే కాదు. ఎర్తింగ్ గుంట, డీసీడీబీ (ప్యానెళ్ళ నుంచి వచ్చే వైర్లు చేరే పెట్టె) లోపల వైరింగ్, స్ట్రక్చర్ కాలు కింద వేసిన కాంక్రీటు దిమ్మె కూడా పెట్టండి. సముద్రం గాలి తగిలే ఊళ్ళు మనవి, తుప్పు గురించి జనం అడుగుతారు. గాల్వనైజ్డ్ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన) స్ట్రక్చర్ దగ్గరి ఫొటో ఒకటి పెడితే సగం ప్రశ్నలకి అదే జవాబు.

రివ్యూ అడిగే రోజు ముఖ్యం. ప్యానెళ్ళు బిగించిన రోజు అడగొద్దు, అప్పటికి ఇంటాయనకి ఖర్చే కనపడుతుంది. నెట్ మీటరు (మనం వాడింది, గ్రిడ్‌కి ఇచ్చింది రెండూ లెక్కేసే మీటరు) పెట్టాక వచ్చిన మొదటి బిల్లు రోజు అడగండి. ఆరోజు ఆయనే అందరికీ చూపించుకుంటా ఉంటాడు. లింకు వాట్సాప్‌లో పంపి, "ఎన్ని కిలోవాట్లు, ఏ ఊరు, బిల్లు ఎంత నుంచి ఎంతకొచ్చింది, రెండు ముక్కలు రాయండి" అనండి. రివ్యూకి బదులు డిస్కౌంట్ ఇవ్వడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం, ఆ దారి వద్దు.

వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్ళు పెట్టుకోండి: కొత్త, సైటు చూడాలి, కొటేషన్ ఇచ్చాం, లోనులో ఉంది, పేరు మార్పు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అందుకని సైటు చూసినప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, కొటేషన్ దాన్నుంచే వస్తుంది" అని అక్కడే సేవ్ చేయించండి. ఎవరో అమ్మే పదివేల నంబర్ల లిస్టు కొని మెసేజ్‌లు గుప్పిస్తే వాట్సాప్ ఖాతా బ్యాన్ అవుతుంది. అమ్మకం ఎస్ఎంఎస్‌లు పంపాలంటే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (టెలికాం కంపెనీల దగ్గర చేయించుకునే నమోదు) ఉండాల. మామూలు నంబరు నుంచి అదేపనిగా అమ్మకం ఫోన్లు చేస్తే 1909కి కంప్లైంట్లు పోయి లైనే కట్ అవ్వొచ్చు.

సింగరాయకొండ స్టేషన్

మాస్టారు చెప్పినవన్నీ వెతుక్కుంటా వచ్చేవాళ్ళ కోసం. వెతకాలన్న ఆలోచన ఇంకా పుట్టనివాళ్ళని తెచ్చేది మనుషులే. నా ఓటు ఎలక్ట్రీషియన్లకి, ఇల్లు కట్టే మేస్త్రీలకి, ఇన్వర్టర్ బ్యాటరీ షాపులకి.

కొత్తగా కట్టే ఇల్లయితే వైరింగ్ దశలోనే మీకు కబురు రావాల. మేడ మీద నుంచి మీటరు బోర్డు దాకా ఒక ఖాళీ పైపు గోడలోనే వేయించడం, ఎర్తింగ్ గుంటలకి చోటు వదిలించడం, ఈ రెండూ మీరు ఉచితంగా చెప్పి రండి. గృహప్రవేశం అయ్యాక ఆ పైపుని చూసినప్పుడల్లా మీరే గుర్తొస్తారు. ప్లాస్టరింగ్ అయిపోయాక చెబితే గోడ మీద కేసింగ్ వేలాడుతుంది, ఇంటావిడ ఒప్పుకోదు.

డబ్బుల సంగతి మొదట్లోనే తేల్చుకోండి. "చూసుకుందాంలే అన్నా" అంటే చెడుతుంది. ఆర్డరు పూర్తయి కస్టమరు డబ్బు ఖాతాలో పడిన రోజే ఆ ఇల్లు చూపించినవాళ్ళకి రెండు వేలు ఫోన్‌పే చెయ్యండి. ఆలస్యమైతే రెండో లీడ్ (కొనేవాళ్ళ కబురు) వేరేవాళ్ళకి పోతుంది. నెలకోసారి ఇరవై మందికి ఫోన్లు చేసే బదులు, వారానికి ఇద్దరి షాపుకి పోయి టీ తాగి రండి. లెడ్జర్‌లో వీళ్ళకీ ఒక పేజీ, "మళ్ళీ ఎప్పుడు" గడితో సహా.

లైన్‌మెన్‌కో, బ్యాంకులో లోను చూసే ఉద్యోగికో కమీషన్ ఇవ్వొద్దు. ఇచ్చేది లంచం కిందికి వస్తుంది, మీ వెండర్ రిజిస్ట్రేషన్ మీదికే వస్తుంది.

పెన్నాగట్టు

స్టేషన్ గారూ, ఆర్డరైతేనే డబ్బంటే ఎలక్ట్రీషియన్‌కి ఆశ నిలబడదు. మధ్యలో నెలన్నర పోతుంది, కొన్ని మన చేతగానితనం వల్లే పోతాయి. బిల్లు ఫొటోతో సహా అర్హత ఉన్న ఇల్లు చూపిస్తే సైటు చూసిన సాయంత్రమే 200, ఆర్డరైతే మిగతా 1,800 ఇవ్వడం మేలు.

సింగరాయకొండ స్టేషన్

200 కోసం పనికిరాని ఇళ్ళన్నీ చూపిస్తారు. పైన గిత్త చెప్పిన ఐదు ప్రశ్నలు దాటితేనే 200 అనే షరతు పెడితే నాకూ అభ్యంతరం లేదు.

క్లిక్కుకి ఎంత

ఫేస్‌బుక్ బూస్ట్ గురించి. బూస్ట్ బటన్ నొక్కితే లైకులొస్తాయి, ఫోన్లు రావు. యాడ్స్ మేనేజర్‌లోకి పోయి లీడ్స్ లక్ష్యం, ఇన్‌స్టంట్ ఫారం (ఫేస్‌బుక్‌లోనే నింపేది) తీసుకోండి. ఫారం రకంలో "హయ్యర్ ఇంటెంట్" పెట్టండి, చివర్లో ఒకసారి సరిచూసుకునే పేజీ వస్తుంది, వేలు తగిలి నింపేవాళ్ళు అక్కడ తగ్గుతారు. ప్రశ్నలు మూడు చాలు: సొంతిల్లా, నెల బిల్లెంత, ఏ ఊరు. ఫోన్ నంబరు ఫేస్‌బుక్ తనంతట తనే పాతది నింపేస్తుంది, కాబట్టి వాట్సాప్ నంబరు వేరే గడిలో చేత్తో కొట్టించండి. కావలి మీద పిన్ను పెట్టి 20 కిలోమీటర్లు చాలు, జిల్లా మొత్తం పెట్టొద్దు.

ప్రకటనలో "ఉచిత కరెంటు" అనే మాట వాడొద్దు. సూర్యఘర్ పథకం పూర్తి పేరులోనే "ముఫ్త్ బిజ్లీ", అంటే ఉచిత కరెంటు, ఉంది గదా అని వేస్తారు, ఫోన్లు పోటెత్తుతాయి, అందరూ "పైసా కట్టక్కర్లేదంట గదా" అనేవాళ్ళే. "నెలకి 3,000 బిల్లు కట్టే సొంతింటివాళ్ళకి" అని మొదటి వాక్యంలోనే వేస్తే తక్కువమంది వస్తారు, మాట్లాడదగినవాళ్ళు వస్తారు.

లెక్క ఉదాహరణకి: రోజుకి 300 చొప్పున నెలకి 9,000, 18 శాతం జీఎస్టీతో 10,620. ఫారాలు 60 వస్తే ఒక్కోటి 177, చవకే అనిపిస్తుంది. అందులో సైటు దాకా వచ్చేవి 12 అయితే ఒక్కోటి 885, ఆర్డరు మూడయితే ఒక్కోటి 3,540. మీ ఎలక్ట్రీషియన్ 2,000కే తెస్తుంటే యాడ్ ఎందుకో ఆలోచించండి. నేను యాడ్స్ మనిషినే, అయినా చెబుతున్నా: మీ లెడ్జర్, ఫోను గంట రెండు నెలలు నిలబడ్డాకే యాడ్ మొదలుపెట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫారం నింపితే మీ ఫోన్ మోగదు. నంబర్లు పేజీ లీడ్స్ సెంటర్‌లో పోగవుతాయి, 90 రోజులు దాటితే దింపుకోలేరు. డబ్బు కట్టి ఆ పెట్టె తెరిచి చూడనివాళ్ళు కోకొల్లలు.

కావలి రూఫ్‌టాప్

అందరికీ ధన్యవాదాలు. లెడ్జర్ రేపే మొదలుపెడతా. రెండు సందేహాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుఫాన్లు. ఆ మూడు నెలలు ఎవరికి ఫోన్ చెయ్యాల? రెండోది, పాత ఎంక్వైరీల నంబర్లు కాల్ లాగ్‌లో, పాంప్లెట్ల వెనకాల పడి ఉండాయి. వాటిని ఏం చెయ్యాల?

ఒంగోలు గిత్త

వానల నెలలు అపార్ట్‌మెంట్లవి, కమర్షియల్ వాళ్ళవి. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు నడిచే ఉమ్మడి మీటరుకి సూర్యఘర్ కిందే కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది. అక్కడ నిర్ణయం కమిటీది, ఎటూ రెండు మూడు మీటింగులు పడుతుంది. అక్టోబరులో మొదలుపెడితే పని సంక్రాంతి తర్వాత పడుతుంది, మీకు కావాల్సిందీ అదే. సెక్రటరీకి ఒకే పేజీ ఇవ్వండి: ఉమ్మడి బిల్లు ఇప్పుడెంత, తర్వాతెంత, ఫ్లాటుకి ఎంత పడుతుంది. రైసు మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, ప్రైవేటు స్కూళ్ళకి సబ్సిడీ రాదు గానీ ఆదాయపు పన్ను లెక్కలో 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు, అది వాళ్ళ ఆడిటర్‌కి చెప్పండి, ఓనరుకి కాదు. మార్చిలోపు లెక్క తేలాలి కాబట్టి ఈ మాట నవంబరులోనే పడాల.

పల్లెల్లో డబ్బు చేతికొచ్చే నెలలు వేరు. నెల్లూరు వైపు రబీ వడ్లు అమ్మాక, మార్చి, ఏప్రిల్. టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేలం సాగే రోజులు. రొయ్యల చెరువులవాళ్ళకి పట్టుబడి అయ్యాక. ఎంక్వైరీ ఎప్పుడు వచ్చినా "మళ్ళీ ఎప్పుడు" గడిలో ఆ నెలే వెయ్యండి. ఆషాఢంలో, మూఢంలో అడ్వాన్స్ అడగొద్దు, సైటు చూసి కొటేషన్ ఇచ్చి ఉంచండి. మంగళ, శుక్రవారాల్లో డబ్బులు బయటికి తియ్యని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి, అడ్వాన్స్ ఫోన్లు బుధ, గురువారాలకి పెట్టుకోండి.

పెన్నాగట్టు

పాత నంబర్లు బంగారం అన్నా, కొత్త యాడ్ కంటే ముందు అవే. అన్నీ ఒకేరోజు కూర్చుని చెయ్యొద్దు, రోజుకి ఐదు లెడ్జర్‌లోకి ఎక్కించి ఫోను గంట చివర్లో చెయ్యండి. అప్పుడు వాళ్ళు ఏ నంబరుకి చేశారో ఆ నంబరు నుంచే చెయ్యండి, కొందరు సేవ్ చేసుకుని ఉంటారు. "పెట్టిస్తారా" అని మొదలుపెట్టొద్దు. "కావలి సోలార్ షాపు నుంచండీ, పోయినసారి మీరు అడిగారు, ఇంకెవరి దగ్గరైనా పెట్టించుకున్నారా?" అని అడగండి. పెట్టించుకున్నామంటే ఏ నెలలో, ఎంతకి, ఎందుకు వాళ్ళ దగ్గర అని మర్యాదగా అడిగి రాసుకోండి. లేదంటే ఈ నెల బిల్లు ఫొటో అడగండి. రెండుసార్లు ఎత్తకపోతే ఒక వాయిస్ మెసేజ్, ముప్పై సెకన్లు మించకుండా. దానికీ జవాబు లేకపోతే ఆ వరసకి మే 10 అని తేదీ వేసి వదిలెయ్యండి.